కౌంటర్ వెనక జలుబు మందు: అమెరికాలో సూడోఎఫెడ్రిన్ అమ్మకం తప్పు లేకుండా ఎలా చేయాలి

అమెరికాలో సొంతంగా ఫార్మసీ పెట్టుకున్నవాళ్లు, ఫార్మసిస్టుగానో టెక్నీషియన్‌గానో కౌంటర్‌లో నిలబడేవాళ్లు, గ్యాస్ స్టేషన్ స్టోర్ కొని మందుల అర కూడా దానితోపాటు చేతికొచ్చినవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. వాళ్లు అమ్మే మామూలు సరుకుల్లో ఇంత లెక్కాపత్రం అడిగేది మరొకటి లేదు. దాని పేరు సూడోఎఫెడ్రిన్. ముక్కు దిబ్బడకి నిజంగా పనిచేసే మాత్ర. మెథాంఫెటమిన్ అనే మత్తుమందు తయారీలో ముడిసరుకు కూడా అదే కావడంతో 2004లో ఓక్లహోమా రాష్ట్రం మొదటగా దీన్ని ఫార్మసీ కౌంటర్ వెనక్కి పంపింది. తర్వాత 2006 మార్చి 9న కంబాట్ మెథాంఫెటమిన్ ఎపిడెమిక్ యాక్ట్ దేశమంతటికీ వచ్చింది. రోజువారీ పరిమితి ఆ ఏప్రిల్ నుంచి, లాగ్‌బుక్ (ఎవరు ఎంత కొన్నారో రాసే పుస్తకం), ఐడీ, శిక్షణ నిబంధనలు సెప్టెంబరు 30 నుంచి అమల్లోకి వచ్చాయి.

చట్టాన్ని కావాలని మీరేవాళ్లు తక్కువ. పెట్టెలు లెక్కపెడుతూ గ్రాములు లెక్కపెట్టకపోవడం వల్ల, క్యాషియర్‌కి నేర్పించకపోవడం వల్ల ఇరుక్కునేవాళ్లే ఎక్కువ. అందుకే ఈ రెండింటి గురించే ఇక్కడ ఎక్కువ చెప్పాం.

1. ఏ పెట్టె వెనక్కి వెళ్లాలో ముందు ఏరండి

చట్టం మూడు రసాయనాల పేర్లు చెబుతుంది: ఎఫెడ్రిన్, సూడోఎఫెడ్రిన్, ఫినైల్‌ప్రొపనోలమైన్. మూడోదాన్ని 2000లోనే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మార్కెట్ నుంచి తీయించింది కాబట్టి దాని ఊసు అక్కర్లేదు. ఎఫెడ్రిన్ ఆస్తమా పేరుతో అమ్మే కొన్ని మాత్రల్లో ఉంటుంది. మిగతాదంతా సూడోఎఫెడ్రినే.

పెట్టె ముందువైపున్న పేరు కాదు, వెనకున్న యాక్టివ్ ఇంగ్రీడియెంట్స్ చదవండి. పేరు చివర ‘డి’ ఉంటే (క్లారిటిన్-డి, జిర్టెక్-డి, అలెగ్రా-డి, మ్యూసినెక్స్ డి) దాదాపుగా వెనక్కే. అయితే అడ్విల్ కోల్డ్ అండ్ సైనస్ పేరులో డి లేదు, లోపల మాత్రం 30 మి.గ్రా. సూడోఎఫెడ్రిన్ ఉంది. సుడాఫెడ్ వెనక్కి, సుడాఫెడ్ పీఈ బయటికి. పీఈ అంటే ఫినైలెఫ్రిన్, దానికి ఈ చట్టం వర్తించదు. కొత్తగా చేరిన కుర్రాడు సరుకు సర్దేటప్పుడు ఈ రెండిటినీ తారుమారు చేయడం మామూలే. వెనకది బయట అరలో పెడితే, ఎవరూ ముట్టుకోకపోయినా, అది ఉల్లంఘనే.

ఇక్కడే ఒక మాట. నోటితో మింగే ఫినైలెఫ్రిన్ ముక్కు దిబ్బడకి పనిచేయదని 2023 సెప్టెంబరులో ఎఫ్‌డీఏ సలహా సంఘం 16-0 ఓట్లతో తేల్చింది. దాన్ని ఓటీసీ (ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మే మందుల) జాబితా నుంచి తీసేస్తామని 2024 నవంబరులో ఎఫ్‌డీఏ ప్రతిపాదించింది. ‘బయటున్నది వాడాను, ఏమీ తగ్గలేదు’ అంటూ మీ కౌంటర్ దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరినీ అనుమానంగా చూడకండి. వాళ్లు చెప్పేది నిజం.

ద్రవరూపంలో కాకుండా ఉన్న మందు (జెల్ క్యాప్సూల్స్ సహా) బ్లిస్టర్‌లోనే, అంటే గుంటల రేకు పట్టీలోనే ఉండాలి, ఒక్కో గుంటలో రెండు మాత్రలకి మించకూడదు. సీసాలో విడి మాత్రలుగా ఎవరైనా పంపితే తీసుకోకుండా తిప్పి పంపండి. సిరప్‌కి బ్లిస్టర్ నిబంధన లేదు కానీ గ్రాముల లెక్క ఉంది. 5 మి.లీ.కి 15 మి.గ్రా. ఉండే పిల్లల సిరప్, 118 మి.లీ. సీసా, దాదాపు 0.29 గ్రాములకి వస్తుంది.

2. శిక్షణ, తర్వాత సర్టిఫికేషన్

వరస ఇదే. ముందు సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి, ఆ తర్వాతే ‘మా సిబ్బందికి శిక్షణ అయింది’ అని డీఈఏ (ఫెడరల్ మాదకద్రవ్యాల నిరోధక సంస్థ) డైవర్షన్ కంట్రోల్ వెబ్‌సైట్‌లో సెల్ఫ్ సర్టిఫికేషన్ ఇవ్వాలి. చాలామంది తిరగేసి చేస్తారు: ముందు సర్టిఫికెట్ తీసుకుని, శిక్షణ సంగతి తీరిక దొరికినప్పుడు చూద్దామనుకుంటారు. జరగనిది జరిగిందని ఫెడరల్ ప్రభుత్వానికి రాసిచ్చినట్టవుతుంది, అది విడిగా మరో నేరం.

శిక్షణ పాఠం అదే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఎవరికి ఇవ్వాలంటే, మందు కొనేవాడి చేతికి అందించేవాళ్లకీ, దానికి డబ్బు తీసుకునేవాళ్లకీ. ఈ రెండో ముక్క దగ్గరే పప్పులో కాలేస్తారు. ఫార్మసిస్టు, టెక్నీషియన్ నేర్చుకుంటారు, శని ఆదివారాల్లో గంటకింత అని వచ్చే క్యాషియర్ నేర్చుకోడు. శిక్షణ అయ్యాక ప్రతి ఒక్కరి చేతా సంతకం పెట్టించి, ఆ కాగితం ఆ ఉద్యోగి ఫైల్లో ఉంచండి. తనిఖీకి వచ్చినవాళ్లు మొదట అడిగేవాటిలో అదొకటి. ‘ఈ అమ్మకం చేసిన మనిషి పేరు ఇది, ఈయన శిక్షణ కాగితం చూపించండి’ అంటారు.

సర్టిఫికేషన్ ఒక్కో దుకాణానికి విడివిడిగా, ఏటా చేయాలి. డీఈఏ రిజిస్ట్రేషన్ ఉన్న ఫార్మసీకి రుసుము లేదు. అది లేని స్టోర్లకి 21 డాలర్లు. గడువు దాటితే ఏమవుతుందో చాలామందికి హోల్‌సేలర్ ఫోన్ చేశాకే తెలుస్తుంది. 2011 నుంచి సర్టిఫికెట్ ఉన్న దుకాణాల జాబితా చూసుకున్నాకే డిస్ట్రిబ్యూటర్లు ఈ సరుకు పంపాలి. డిసెంబరులో అందరికీ పడిశం పట్టిన వారంలో ఆర్డర్ ఆగిపోతుంది. గడువుకి నెల ముందే ఫోన్‌లో గుర్తు పెట్టుకోండి.

గ్యాస్ స్టేషన్ స్టోర్ ఉన్నవాళ్లు దీనికి ముందే ఇంకో సంగతి చూసుకోవాలి. చాలా రాష్ట్రాల్లో ఫార్మసీ కానిచోట ఈ మందు అమ్మనే కూడదు. ఫెడరల్ చట్టం ఒప్పుకున్నా రాష్ట్రం ఒప్పుకోకపోతే కుదరదు. రెండిటిలో ఏది కఠినమో అదే మీకు వర్తిస్తుంది.

3. ఎక్కడ పెట్టాలి

కౌంటర్ వెనక, లేదా తాళం వేసిన అల్మరాలో. కొనేవాడి చెయ్యి అందకూడదు, అంతే. బయట అరలో పెట్టె బదులు కార్డు పెట్టడం మంచి పద్ధతి: మందు బొమ్మ, ధర, ‘ఈ కార్డు ఫార్మసీ కౌంటర్‌కి తెండి’ అన్న మాట. కొనేవాడు కార్డు తెస్తాడు, పెట్టె మీరిస్తారు. తాళంచెవి మేకుకి తగిలించి ఉంచితే అది తాళం కిందికి రాదు.

4. గ్రాముల లెక్క: ఉప్పు వేరు, బేస్ వేరు

పరిమితులు మూడు. ఒక మనిషికి ఒక రోజులో 3.6 గ్రాములు. 30 రోజుల్లో 9 గ్రాములు. పోస్టు ద్వారా అమ్మేవాళ్లకీ, బండి మీద తిరిగి అమ్మేవాళ్లకీ 30 రోజుల్లో 7.5 గ్రాములు. ఫెడరల్ చట్టంలో రోజు పరిమితి అమ్మేవాడి మీద, తొమ్మిది గ్రాముల పరిమితి కొనేవాడి మీద ఉంది. అలాగని రెండోది మనకి పట్టదనుకోవద్దు. చాలా రాష్ట్రాల చట్టాలు దాన్ని అమ్మేవాడి నెత్తిన కూడా పెట్టాయి.

ఈ గ్రాములన్నీ బేస్ గ్రాములు, అంటే అసలు మందు ఒక్కదాని బరువు. పెట్టె మీద రాసేది ఉప్పు బరువు, అంటే ఆ మందు ఉన్న రసాయన లవణం మొత్తం బరువు: హైడ్రోక్లోరైడ్, లేదా సల్ఫేట్. హైడ్రోక్లోరైడ్‌లో సుమారు 82 శాతం, సల్ఫేట్‌లో సుమారు 77 శాతం బేస్. ఈ లెక్కన రోజుకి ఇవ్వగలిగిన మాత్రలు ఇవీ, కాగితం మీద రాసి కౌంటర్ లోపలివైపు అంటించుకోండి:

హైడ్రోక్లోరైడ్ 30 మి.గ్రా. – రోజుకి 146, ముప్పై రోజులకి 366
హైడ్రోక్లోరైడ్ 60 మి.గ్రా. – 73, 183
హైడ్రోక్లోరైడ్ 120 మి.గ్రా. – 36, 91
హైడ్రోక్లోరైడ్ 240 మి.గ్రా. – 18, 45
సల్ఫేట్ 120 మి.గ్రా. – 38, 97
సల్ఫేట్ 240 మి.గ్రా. – 19, 48

ఇప్పుడు పెట్టెల దగ్గరికి రండి. మ్యూసినెక్స్ డి 60 మి.గ్రా., 36 మాత్రల పెట్టె అంటే 1.77 గ్రాములు. రెండు పెట్టెలు 3.54, ఇవ్వచ్చు. సుడాఫెడ్ 12 అవర్, 120 మి.గ్రా., 20 మాత్రల పెట్టె 1.97 గ్రాములు. రెండు పెట్టెలు 3.93, ఇవ్వకూడదు. అటు రెండే, ఇటు రెండే. ఒకటి అమ్మకం, రెండోది ఉల్లంఘన. ‘మనిషికి రెండు పెట్టెలు’ అని గోడ మీద రాసుకున్న దుకాణాలు తప్పు చేసేది ఇలాగే.

కలిపి కొన్నప్పుడు ఇంకా మోసపోతారు. క్లారిటిన్-డి 24 అవర్, సల్ఫేట్ 240 మి.గ్రా., 15 మాత్రల పెట్టె 2.78 గ్రాములు. దానితోపాటు సుడాఫెడ్ 12 అవర్ చిన్న పెట్టె, పదే మాత్రలు, 0.98 గ్రాములు. మొత్తం 3.76. చూడ్డానికి ఒకటి అలర్జీ మందు, ఇంకోటి జలుబు మందు, రెండూ చిన్న పెట్టెలే. అయినా రోజు హద్దు దాటేసింది. బ్రాండ్ వేరైతే ఖాతా వేరు కాదు, సూడోఎఫెడ్రిన్ అంతా ఒకే ఖాతా.

పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి కొన్నా ఒకే రోజు కింద లెక్క. 30 రోజులంటే క్యాలెండర్ నెల కాదు, వెనక్కి దొర్లే కిటికీ. జనవరి 4న, 16న, 27న 15 మాత్రల క్లారిటిన్-డి పెట్టె ఒక్కోటి కొన్న మనిషి ఖాతాలో 8.33 గ్రాములు ఉంటాయి. ఫిబ్రవరి ఒకటో తేదీన వచ్చి ‘కొత్త నెల కదా’ అంటే, ఆ రోజుకి మిగిలింది 0.67 గ్రాములే. జనవరి 4 నాటి పెట్టె కిటికీలోంచి జారిపోయేదాకా ఆగాలి.

కొన్ని రాష్ట్రాల హద్దులు దీనికంటే బిగువు. టెనెసీలో 30 రోజులకి 5.76 గ్రాములు, ఏడాదికి 28.8. కెంటకీలో 30 రోజులకి 7.2, ఏడాదికి 24. ఇండియానాలో 30 రోజులకి 7.2, ఏడాదికి 61.2. ఒరెగన్, మిసిసిపీల్లో ఏళ్ల తరబడి ప్రిస్క్రిప్షన్ లేనిదే ఇచ్చేవాళ్లు కాదు, 2022 జనవరి నుంచి రెండూ ఆ నిబంధన ఎత్తేశాయి. ఫెడరల్ చట్టంలో వయసు పరిమితి లేదు. చాలా రాష్ట్రాల్లో 18, టెక్సాస్‌లో 16. ఒక రాష్ట్రంలో పనిచేసి ఇంకో రాష్ట్రానికి మారిన టెక్నీషియన్‌కి పాత రాష్ట్రం అంకెలే నాలుక మీద ఉంటాయి. మొదటిరోజే కొత్త అంకెలు చేతికివ్వండి.

5. ఒక అమ్మకం, మొదటి నుంచి చివరిదాకా

కొనేవాడు జిర్టెక్-డి కార్డు తెచ్చాడనుకోండి, 24 మాత్రల పెట్టె. హైడ్రోక్లోరైడ్ 120 మి.గ్రా., అంటే 2.36 గ్రాములు.

పెట్టె ముందే తీసి కౌంటర్ మీద పెట్టకండి. ముందు ఐడీ అడగండి. చేతిలోకి తీసుకుని ఫోటో చూడండి, మనిషిని చూడండి, గడువు చూడండి. ఆ తర్వాత స్కాన్ చేయండి. ముప్పైకి పైగా రాష్ట్రాల్లో ఎన్‌పీఎల్ఈఎక్స్ అనే నేషనల్ ప్రీకర్సర్ లాగ్ ఎక్స్ఛేంజ్ ఉంది. మీ కంప్యూటర్ దాన్ని అడుగుతుంది, ఆ మనిషి వేరే దుకాణాల్లో కొన్నది కూడా కలిపి చూసి, అమ్మచ్చో లేదో అప్పటికప్పుడే చెబుతుంది. అమ్మచ్చని వచ్చాక లాగ్‌లో పేరు, చిరునామా, అమ్మిన తేదీ, సమయం పడాలి. మందు పేరు, ఎంత ఇచ్చామన్నది మీ వైపు నుంచి పడాలి. కొనేవాడు సంతకం చేయాలి. మీరు ఐడీ మీద పేరు, లాగ్‌లో పేరు ఒకటేనా అని చూడాలి. తర్వాతే డబ్బు, ఆ తర్వాతే పెట్టె, అదీ నేరుగా అతని చేతికి.

సంతకం దగ్గర ఒక హెచ్చరిక కనబడేలా ఉండాలి. లాగ్‌లో అబద్ధం రాస్తే మనిషికి 2,50,000 డాలర్ల దాకా జరిమానా, ఐదేళ్ల దాకా జైలు, లేదా రెండూ అని. సంతకం పరికరం తెర మీద అది వస్తుంటే సరే. పుస్తకమైతే పేజీ పైనే అచ్చు వేయించుకోండి. పుస్తకం కుట్టినదై ఉండాలి, విడి కాగితాలు కాదు. మధ్యలో పేజీ ఊడిపోయిందంటే ఎవరూ నమ్మరు.

మినహాయింపు ఒకటే ఉంది: ఒక్క పెట్టెలో మొత్తం 60 మి.గ్రా.కి మించకుండా ఉన్న చిన్న ప్యాకెట్‌కి ఫెడరల్ లాగ్ అక్కర్లేదు. లాగ్ ఒక్కటే అక్కర్లేదు. అది కూడా కౌంటర్ వెనకే ఉండాలి, రోజు పరిమితిలోకీ వస్తుంది. గ్యాస్ స్టేషన్ స్టోర్లు దీన్ని ‘చట్టం వర్తించని ప్యాకెట్’ అనుకుని లైటర్ల పక్కన వేలాడదీస్తుంటాయి.

నెట్ పోయినప్పుడు ఏం చేయాలో ముందే రాసిపెట్టుకోండి. కంప్యూటర్ పనిచేయకపోతే లాగ్ లేకుండా అమ్మేయడం కాదు, కుట్టిన పుస్తకం బయటికి తీయడం. మీ రాష్ట్రం అలా అమ్మనిస్తే రాసుకుని, లైన్ వచ్చాక ఎక్కించండి. అమ్మనివ్వకపోతే ఆ పూటకి అమ్మకం ఆపండి.

కంప్యూటర్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు. 2010 అక్టోబరులో సీవీఎస్ అనే పెద్ద ఫార్మసీల సంస్థ 77.6 మిలియన్ డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అందులో 75 మిలియన్లు సివిల్ జరిమానా. 2007, 2008ల్లో కాలిఫోర్నియా, నెవాడా దుకాణాల్లో పెట్టిన ఎలక్ట్రానిక్ లాగ్, ఒకే మనిషి ఒకే రోజు పలుమార్లు కొంటుంటే ఆపలేకపోవడమే కథ. లాగ్ అన్నీ రాసుకుంది, ఆపడమే చేయలేదు. మీ సిస్టమ్ కొత్తగా పెట్టినప్పుడు విక్రేతని పక్కన కూర్చోబెట్టి, ఒకే రోజు హద్దు దాటించే రెండో కొనుగోలు ఆగుతోందో లేదో పరీక్ష చేయించండి.

6. ఐడీలూ, మన పేర్లూ

డ్రైవింగ్ లైసెన్స్, స్టేట్ ఐడీ, అమెరికన్ పాస్‌పోర్ట్, గ్రీన్‌కార్డ్, ఫోటో ఉన్న ఈఏడీ (ఉద్యోగ అనుమతి) కార్డు – ఇవి చెల్లుతాయి. రాష్ట్ర లేదా ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చిన ఫోటో కార్డు కావాలి, లేదా ఉద్యోగంలో చేరేటప్పుడు ఐ-9 ఫారంకి చూపే రకం పత్రం కావాలి. హెచ్-1బీ వాళ్ల పరిమిత గడువు లైసెన్స్ కూడా లైసెన్సే, గడువు లోపలుంటే చాలు.

పిల్లల్ని చూడటానికి హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వచ్చిన పెద్దవాళ్ల సంగతే చిక్కు. చేతిలో భారత పాస్‌పోర్ట్, విజిటర్ వీసా తప్ప ఇంకేం ఉండదు. చాలా దుకాణాల్లో అది చెల్లదు. పెద్దాయన ‘పాస్‌పోర్ట్ కంటే పెద్ద గుర్తింపు ఇంకేముందమ్మా’ అంటారు, మాట నిజమే, కానీ జాబితా వేరు. కొడుకో కోడలో తమ లైసెన్స్ మీద కొనచ్చు. అప్పుడు గ్రాములు వాళ్ల ఖాతాలో పడతాయని చెప్పండి. ఆ పెద్దాయనకి బీపీ ఉందేమో అడగడం మరవద్దు. సూడోఎఫెడ్రిన్ బీపీ పెంచుతుంది, ప్రోస్టేట్ ఇబ్బంది ఉంటే మూత్రం బిగబట్టేలా చేస్తుంది. కౌంటర్ వెనక పెట్టడం వల్ల ఒరిగిన మంచేదైనా ఉంటే, ఈ రెండు ప్రశ్నలు అడిగే అవకాశం దొరకడమే.

పేర్లు ఇంకో తలనొప్పి. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, లైసెన్స్ మీద మొదటి పేరు చోట ‘ఎఫ్ఎన్‌యూ’ (మొదటి పేరు తెలియదు) అని పడ్డవాళ్లు మనలో తక్కువేం కాదు. పొడుగు ఇంటిపేరు లైసెన్స్ మీద సగానికి తెగుతుంది. ఒక టెక్నీషియన్ ‘వెంకట’ విడిగా కొడతాడు, ఇంకొకరు కలిపి కొడతారు, మూడో దుకాణంలో పేరు ముందూ వెనకా అవుతుంది. ఒక మనిషికి మూడు ఖాతాలు పుడతాయి, లేదా ఇద్దరు మనుషులు ఒక ఖాతాలో కలిసిపోయి, ఏ పాపం ఎరగని ఆయనకి అమ్మకం ఆగిపోతుంది. పరిష్కారం ఒకటే: కార్డు వెనక బార్‌కోడ్ స్కాన్ చేయండి, చేత్తో కొట్టకండి. స్కాన్ పనిచేయనప్పుడు కార్డు మీద ఎలా ఉందో అలాగే, ‘ఎఫ్ఎన్‌యూ’తో సహా కొట్టండి. ఆయన్ని మీరు చిన్నప్పటి నుంచి ఎరిగున్నా సరే, అసలు పేరు మీరు సరిచేయద్దు.

చిరునామా సంగతి వేరు. ఐడీతో కలవాల్సింది పేరు. ఇల్లు మారి లైసెన్స్ మార్చుకోనివాళ్లు ఇప్పటి చిరునామా చెబితే ఫెడరల్ చట్టానికి అభ్యంతరం లేదు. మీ రాష్ట్రమో మీ సిస్టమో కార్డు మీదదే కావాలంటే అది చూసుకోండి.

7. తెర మీద ‘అమ్మవద్దు’ అని వస్తే

వాదించకండి, కారణాలు ఊహించి చెప్పకండి. ‘సిస్టమ్ ఇప్పుడు అనుమతించడం లేదు’ అన్న ఒక్క మాట చాలు. ట్రాన్సాక్షన్ నంబర్ వస్తే రాసివ్వండి, తన లెక్క తను కనుక్కుంటాడు. తక్కువ సైజు పెట్టెతో ఇంకోసారి ప్రయత్నించడం తప్పు కాదు, మిగిలిన గ్రాముల్లో అది పట్టచ్చు. పక్కన ఉన్న స్నేహితుడి కార్డు మీద కొట్టడం మాత్రం తప్పే, అడిగింది కొనేవాడైనా సరే.

చాలా రాష్ట్రాల సిస్టమ్‌లలో ఓవర్‌రైడ్ మీట ఉంటుంది. అది రద్దీ తగ్గించుకోవడానికి కాదు. ఇవ్వకపోతే కొడతాడేమో అన్న భయం నిజంగా కలిగినప్పుడు అమ్మేసి, ప్రాణం దక్కించుకోవడానికి. వాడిన ప్రతిసారీ రికార్డులో పడుతుంది. ఒకే ఉద్యోగి పేరు మీద పదే పదే పడుతుంటే ఆ భయం కథ ఎవరూ నమ్మరు. వాడాక పోలీసులకి ఫోన్ చేయండి, పెట్టె పోతే పోయింది.

8. వరసగా వచ్చేవాళ్లు

హద్దు మనిషికి కాబట్టి, మనుషుల్ని పోగేసి కొనిపించే పద్ధతి పుట్టింది. ‘స్మర్ఫింగ్’ అంటారు. ఒక్కొక్కరి లెక్కా సరిగ్గానే ఉంటుంది, కంప్యూటర్ ఏమీ అనదు. పట్టుకోవాల్సింది కౌంటర్‌లో ఉన్న మనిషి కళ్లే. ఒకే కారు దిగి, పది నిమిషాల తేడాతో ఒకరి తర్వాత ఒకరు వస్తారు. ఒకరి దగ్గర తీసుకున్న నోట్లతో ఇంకొకరు కడతారు. జలుబు గురించి ఒక్క మాట ఉండదు, పెట్టె పేరూ సైజూ మాత్రం కంఠతా వచ్చు. వేరే మందు కలవని ఉత్త సూడోఎఫెడ్రినే కావాలంటారు.

ఇందులో ఏ ఒక్కటీ విడిగా నేరం కాదు. ఒకే కారులో వచ్చిన నలుగురు విద్యార్థులకి నిజంగానే జలుబు చేసి ఉండచ్చు, ఒకే గదిలో ఉండేవాళ్లకి అది సహజం. ఒంటి రంగు, యాస, బట్టలు సూచనలు కావు. రెండు మూడు కలిసి కనబడితే, అమ్మడం ఇష్టం లేదని చెప్పే హక్కు దుకాణానికి ఉంది. నమ్మకంతో, చట్టం అడిగిన పద్ధతిలో పోలీసులకి లాగ్ వివరాలు ఇచ్చినవాళ్లకి చట్టం రక్షణ ఇస్తుంది.

9. పుస్తకం, స్టాక్

లాగ్‌లో ప్రతి నమోదూ రాసిన తేదీ నుంచి కనీసం రెండేళ్లు ఉంచాలి. రాష్ట్రం ఎక్కువ అడిగితే ఎక్కువ. ఆ చిరునామాలు మీ దుకాణం ప్రకటనలు పంపుకోవడానికి కావు. పుస్తకమైతే కొనేవాడు పై వరసల్లో పక్కింటాయన పేరు చదవకుండా అట్ట ముక్క అడ్డం పెట్టండి.

వారానికోసారి పెట్టెలు లెక్కపెట్టండి: వచ్చినవి, లాగ్ ప్రకారం అమ్మినవి, అరలో ఉన్నవి. ఒకటి రెండు తేడా వస్తే అప్పుడే వెతకండి, సగం సార్లు అది బయట అరలో పీఈ పక్కన దొరుకుతుంది. మామూలుకి మించి మాయమైతే డీఈఏ డివిజనల్ ఆఫీసుకి వీలైనంత త్వరగా నోటిమాటగా చెప్పి, 15 రోజుల్లోగా రాతపూర్వకంగా ఇవ్వాలి. బయటి దొంగల సంగతే చూస్తూ లోపలి చేతుల్ని మర్చిపోకండి. ఉద్యోగి తన కోసం కొనుక్కునేటప్పుడు తానే బిల్లు కొట్టకూడదు, ఇంకొకరు కొట్టాలి.

10. ఏడాది పొడవునా వాడేవాళ్లకి

మాత్ర రోజూ పూర్తి మోతాదులో, అంటే హైడ్రోక్లోరైడ్ 240 మి.గ్రా. చొప్పున వాడితే 30 రోజులకి 5.9 గ్రాముల బేస్ అవుతుంది. ఫెడరల్ హద్దు 9 కాబట్టి ఒక మనిషి సొంత వాడకానికి ఎప్పుడూ తగలదు. తగిలేది రాష్ట్రాల హద్దుల దగ్గర, ముఖ్యంగా ఏడాది హద్దు దగ్గర. క్లారిటిన్-డి 24 అవర్ రోజుకొకటి వేసుకునే మనిషి నెలకి 5.55 గ్రాములు వాడతాడు. బేస్ కింద లెక్కేసినా కెంటకీలో ఐదో నెలలో, టెనెసీలో ఆరో నెలలో అతని కోటా అయిపోతుంది. మార్చిలో పుప్పొడి మొదలైన దగ్గర్నుంచి వాడినవాడికి సెప్టెంబరులో రాగ్‌వీడ్ అనే కలుపు మొక్క అలర్జీ వచ్చేసరికి కౌంటర్‌లో ‘అమ్మవద్దు’ అని వస్తుంది.

అలాంటివాళ్లని రెండో మూడో కొనుగోలులోనే గుర్తుపట్టి డాక్టర్ దగ్గర ప్రిస్క్రిప్షన్ రాయించుకోమనండి. ప్రిస్క్రిప్షన్ మీద ఇచ్చిన మందు ఫెడరల్ చిల్లర అమ్మకం పరిమితుల్లోకి రాదు. రాయించేటప్పుడు ‘లోరటడిన్-సూడోఎఫెడ్రిన్’ అని మందు పేరూ మోతాదూ పూర్తిగా రాయమనాలి. ఉత్త ‘లోరటడిన్’ అని రాస్తే మీరిచ్చేది డి లేని మాత్ర, ముక్కు అలాగే మూసుకుని మర్నాడు మళ్లీ వస్తాడు. ఇన్సూరెన్స్ దానికి డబ్బు ఇవ్వకపోవచ్చు, చేత్తో కట్టాల్సి వస్తుందని ముందే చెప్పండి.